పొట్టికాళ్ల కోడి లెక్క



గత నెల మా కేర్ గ్రూపులో ఆదికాండము 30వ అధ్యాయం వచ్చింది. లేయా, రాహేలుల పోటీ దాకా చర్చ బాగానే నడిచింది. యాకోబు మచ్చల మేకల దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరూ ఫోన్ల వైపు చూడటం మొదలుపెట్టారు. ఆ భాగం మీద ప్రసంగం నేనైతే ఇంతవరకు వినలేదు. మామను మించిన అల్లుడు అని నవ్వుకుని ముందుకు వెళ్లిపోతాం. ఆ రోజు మాత్రం నేను ఆపాను. "నాకు తెలిసిన ఒకాయన కోళ్లతో ఇలాంటి పనే చేస్తున్నారు, అందులో నా చెయ్యి కూడా ఉంది" అన్నాను. అరగంట మాట్లాడినట్టున్నాను. అంతా విని ఒక ఆంటీ, "కోళ్ల గురించి ఇంత బాధేంటి బాబూ, ఇప్పుడు మనం తిన్నదేంటి?" అన్నారు. టేబుల్ మీద చికెన్ బిర్యానీ గిన్నె ఖాళీగా ఉంది. అందరం నవ్వేశాం. ఆవిడ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇది రాయడానికి సగం కారణం అదే.

మా టీమ్‌లో పనిచేసే ఒకాయనది మలేషియాలోని క్లాంతన్ రాష్ట్రం. నాకంటే పదేళ్లు పెద్ద. కొలువు ఇక్కడ, కాపురం జోహోర్ బారులో. రోజూ కాజ్‌వే దాటి వచ్చిపోయే వేలమందిలో ఒకరు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం బాంటం కోళ్లు, అంటే పొట్టిరకం కోళ్లు. జావా దీవిలోని బాంటెన్ రేవు పేరు మీద ఆ మాట వచ్చింది. హెచ్‌డీబీ ఫ్లాట్లలో కోళ్లు పెంచకూడదు కాబట్టి మా పాప కోడిని దగ్గరగా చూడాలంటే పాసిర్ రిస్ పార్కుకో, ఈయన ఇంటికో వెళ్లాలి. ఒక శనివారం ఆయన ఇంటికే వెళ్లాం.

మొదట సెరామాలు చూపించారు. ప్రపంచంలో అతి చిన్న కోళ్లు ఇవేనంటారు. క్లాంతన్‌లోనే తయారైన జాతి. అక్కడి తోలుబొమ్మలాటలో శ్రీరాముడి పేరు మీదనే ఆ పేరు పెట్టారని చెబుతారు. పుంజైనా అర కిలో తూగదు. టేబుల్ మీద నిలబెడితే రొమ్ము ముందుకు తోసి, మెడ వెనక్కి లాగి, రెక్కలు నేలకు నిటారుగా దించి, పెరేడ్‌లో సిపాయిలా నిలుచుంది. మా పాప కూడా పక్కన అలాగే నిలబడింది.

తర్వాత గూళ్లలో రంగులు. వాటిని చూస్తుంటే నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. మాది భీమవరం దగ్గర ఊరు. సంక్రాంతి అంటే మా వైపు ఏమిటో చెప్పక్కర్లేదు. తాతయ్య బాప్తిస్మం తీసుకున్నాక పందేలకు వెళ్లడం మానేశారు గానీ రంగుల పేర్లు మానలేకపోయారు. నల్లది కాకి, తెల్లది సేతు, ఎర్రది డేగ. వీపు మీద పసుపు మెరిస్తే నెమలి. ఎరుపూ బూడిదా కలిస్తే మైల. చర్చి నుంచి నడిచి వస్తూ ఎవరి దొడ్లోనో కోడిని చూసి, "అదిగో డేగ" అని, వెంటనే నాలుక కరుచుకునేవారు. ఆ రోజుల్లో రంగు చూసి గెలుపోటములు చెప్పేవాళ్లు, దానికి కుక్కుట శాస్త్రమని పేరు. ఈయన దగ్గర పందేలు లేవు, కత్తులు లేవు. పోటీ అంతా అందానిదే. ఈక రంగు, తోక ఎత్తు, ఒంటి తీరు. పాపం ఎక్కడుంది ఇందులో? నాకూ అలాగే అనిపించింది. హాయిగా కూడా అనిపించింది, తాతయ్య ఇలాంటిచోట పుట్టి ఉంటే బాగుండేదని.

మూడో వరసలో చాబోలు, అంటే జపనీస్ బాంటాలు. వీటి అందమంతా కాళ్లలో ఉంది, సరిగ్గా చెప్పాలంటే కాళ్లు కనిపించకపోవడంలో. పొట్ట నేలను తాకుతున్నట్టు ఉంటుంది, తోక మాత్రం తల కంటే ఎత్తుగా లేస్తుంది. నడుస్తుంటే పడవ కదిలినట్టుంటుంది. వాన పడిన రోజు మాత్రం ఈకలు బురదలో ఈడ్చుకుంటూ తిరుగుతాయట.

ఆయన నన్నొక సాయం అడిగారు. "నువ్వు డేటా మనిషివి కదా. ఏ జత కడితే పొట్టికాళ్ల పిల్లలు ఎక్కువొస్తాయో చూసి చెప్పు." నాలుగేళ్ల నోటు పుస్తకాలు ఇచ్చారు. పుంజు, పెట్ట, పుట్టిన పిల్లలు, వాటిలో పొట్టికాళ్లవి ఎన్ని, పొడుగుకాళ్లవి ఎన్ని. నేను ఒక స్ప్రెడ్‌షీట్ చేశాను. గంట పని. జవాబు తేలిగ్గానే వచ్చింది. పొట్టికాళ్ల పుంజుకు పొట్టికాళ్ల పెట్టను జత కడితే, పుట్టిన ప్రతి మూడు పిల్లల్లో రెండు పొట్టికాళ్లవి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు కడితే సగానికి సగం. మూడింట రెండు మేలా, సగం మేలా? ఆయన ఆ ఏడాది అన్ని గూళ్లలోనూ పొట్టివాటికి పొట్టివే కట్టారు. నాకు ఒక డజను గుడ్లు కానుకగా ఇచ్చారు, ఆమ్లెట్ వేసుకున్నాం.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు ఆయన ఇంక్యుబేటర్‌లోని గుడ్లు పరీక్షిస్తున్నారు. గదిలో దీపం ఆర్పి, ఒక్కో గుడ్డునూ టార్చి మీద పెట్టి చూడటం. ఏడో రోజు. బతికి ఉన్న గుడ్డు లోపల సన్నటి ఎర్రని నరాలు సాలెగూడులా అల్లుకుని ఉంటాయి, మధ్యలో చిన్న చుక్క కదులుతూ ఉంటుంది. మా పాప నోరు తెరుచుకుని చూసింది. ఆరో గుడ్డులో నరాలు లేవు. ఎర్రటి ఉంగరంలా ఒక గీత, అంతే. ఆయన దాన్ని తీసి పక్కన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టారు. పన్నెండు గుడ్లు అయ్యేసరికి డబ్బాలో నాలుగు. "చాబోల్లో ఇది మామూలే" అన్నారు. "ఇవి పుస్తకంలో ఎక్కడ రాస్తారు?" అని అడిగాను. "ఎక్కడా రాయను. పుట్టనివాటిని ఏమని రాస్తాం?"

ఆ రాత్రి తిరిగొస్తూ వుడ్‌ల్యాండ్స్ చెక్‌పాయింట్ క్యూలో గంటకు పైగా నిలబడ్డాం. పాప నా భుజం మీద నిద్రపోయింది. నేను తలలోనే లెక్క వేసుకున్నాను.

విషయం ఇది. చాబోకు పొట్టికాళ్లు ఇచ్చే జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి వస్తే పిల్ల పొట్టికాళ్లతో పుడుతుంది. ఇద్దరి నుంచీ రాకపోతే మామూలు కాళ్లు. ఇద్దరి నుంచీ వస్తే పిల్ల గుడ్డు దాటి రాదు, చాలావరకు మొదటి వారంలోనే ఆగిపోతుంది. ఎముకల పెరుగుదలకు అవసరమైన ఇండియన్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు ఇక్కడ తెగిపోయి ఉంటుందని 2016లో పరిశోధకులు తేల్చారు. (జన్యువులకు ఇలాంటి పేర్లు పెట్టేవాళ్లు, సర్వర్లకు పేర్లు పెట్టే మనవాళ్లు ఒకే బడిలో చదివారేమో.) అంటే బతికి తిరుగుతున్న ప్రతి పొట్టికాళ్ల కోడిలోనూ ఆ జన్యువు ఒక్కటే ఉంటుంది. పోటీలో బహుమతి తెచ్చే కోడి, తనలాంటి పిల్లలను మాత్రమే కనే జాతిగా ఎన్నటికీ స్థిరపడదు.

ఇప్పుడు నాలుగు గుడ్లు తీసుకోండి. పొట్టికి పొట్టి కడితే సగటున ఒకటి చనిపోతుంది, రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. పొట్టికి పొడుగు కడితే రెండు పొట్టివి, రెండు పొడుగువి, ఏదీ చనిపోదు. మళ్లీ చూడండి. పొట్టికాళ్ల పిల్లలు రెండు పద్ధతుల్లోనూ రెండే. ఒక్కటి కూడా ఎక్కువ రావడం లేదు! నా స్ప్రెడ్‌షీట్‌లో మొదటి పద్ధతి గెలిచిందంటే, చనిపోయిన పిల్లను నేను హారంలోంచి తీసేశాను కాబట్టి గెలిచింది. మూడింట రెండు అన్నప్పుడు ఆ మూడు ఎక్కడిది? నాలుగులోంచి ఒకటి చప్పుడు లేకుండా తీసేస్తే వచ్చిన మూడు.

మాస్టర్స్‌లో మాకు ఇది మొదటి సెమిస్టర్‌లోనే చెప్పారు. బతికి బయటపడ్డవాటినే లెక్కపెట్టి తీర్పు చెప్పకూడదని. పరీక్షలో దాని మీద ప్రశ్న కూడా రాశాను. అయినా ఆయన ఇచ్చిన పుస్తకంలో ఏ గడి ఉంటే ఆ గడే నింపాను, లేని గడి గురించి అడగలేదు. ఆ నాలుగు గుడ్లలో కొన్నైనా నా సలహా వల్ల అలా అయ్యాయి.

ఇంతకీ ఆ మరణంతో కొనుక్కున్నది ఏమిటి? ఎక్కువ అందం కాదు, అది లెక్కలో తేలిపోయింది. మనకు అక్కర్లేని పొడుగుకాళ్ల పిల్ల ఒకటి తక్కువ పుట్టడం, దానికి మేత, చోటు ఇవ్వనవసరం లేకపోవడం. అంతే.

సోమవారం భోజనాల దగ్గర ఆయనకు ఇదంతా చెప్పాను. కోపం రాలేదు. కాసేపు టిష్యూ పేపరు మీద ఆయనే లెక్క వేసి చూసుకున్నారు. తర్వాత ఆయన అన్నది న్యాయంగా ఉన్నదున్నట్టు రాయాలి. "పొడుగుకాళ్లవాటిని ఎవరు తీసుకుంటారు? పెట్టలైతే ఎవరైనా అడుగుతారు. పుంజులు? తెల్లవారుజామున నాలుగింటికి కూస్తాయి, పక్కింటివాళ్లు తలుపు కొడతారు. చివరికి కోయాల్సిందే. గుడ్డులో మూడో రోజో నాలుగో రోజో ఆగిపోయేదానికి నొప్పి తెలుస్తుందా? పుట్టించి కోయడం కంటే అది నయం కాదా?"

కూత గొడవ ఎంత దూరం వెళ్తుందో సింగపూర్‌లో మనకూ తెలుసు. 2017 జనవరిలో సిన్ మింగ్ ప్రాంతంలో ఫిర్యాదుల తర్వాత అధికారులు 24 కోళ్లను చంపించారు, పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. అవి మన దీవి అడవికోళ్లా, ఊరికోళ్లా అన్నది అందులో ఒక వాదన. కాళ్లు బూడిద రంగులో ఉండి తోక మొదట్లో తెల్లటి మచ్చ ఉంటే అడవికోడి, కాపాడాల్సిన పక్షి. లేకపోతే ఊళ్లో తిరిగే కోడి, అంతే సంగతి. ఈక రంగు చూసి గెలుపోటములు చెప్పే శాస్త్రం మా భీమవరానిదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

మిత్రుడి వాదనలో నొప్పి సంగతి నేను ఒప్పుకుంటాను. మూడో రోజు పిండానికి నొప్పి తెలిసే మెదడు లేదు. పొడుగుకాళ్ల పుంజును కోస్తే దానికి తెలుస్తుంది. నొప్పి ఒక్కటే కొలత అయితే ఆయన గెలిచినట్టే. కానీ నన్ను ఇబ్బంది పెట్టింది నొప్పి కాదు. ఏ జత కడితే ఏమవుతుందో తెలిసి కట్టడం, ఆ ఫలితాన్ని రాసుకోకపోవడం, రాసుకోలేదు కాబట్టి అది జరగనట్టే ఉండటం. పొడుగుకాళ్ల పిల్ల బతికి ఉంటే మన ఇష్టానికి అయ్యే ఖర్చు ఏమిటో అది రోజూ మేత అడిగి గుర్తుచేస్తుంది. గుడ్డులో ఆగిపోయింది ఏమీ అడగదు.

రంగు విషయంలో ఇలా లేదు, అది కూడా చెప్పాలి. నల్లకోడికి నీలం జన్యువు ఒకటి వస్తే అందమైన బూడిదనీలం రంగు వస్తుంది. మా తాతయ్య దాన్ని కూడా మైల అనేవారేమో. జన్యువులు రెండు వస్తే తెల్లటి ఒంటి మీద అక్కడక్కడా నీలం సిరా చిమ్మినట్టు ఉంటుంది. ఆండలూసియన్ అనే జాతిలో పోటీకి పనికొచ్చేది నీలం ఒక్కటే. నీలానికి నీలం కడితే నాలుగింట రెండే నీలం, ఒకటి నల్లది, ఒకటి సిరా చిమ్మినది. ఆ రెండూ పోటీకి రావు. కానీ పోటీకి రాని ఆ నల్లదానికీ, ఆ సిరా చిమ్మినదానికీ జత కడితే పుట్టే పిల్లలన్నీ నీలమే. ఇక్కడ ఏ పిల్లా చావనక్కర్లేదు, పక్కన పెట్టినవి కూడా ఇంటికి కావలసినవే. ఇది మొదటిసారి చదివినప్పుడు లేయా గుర్తొచ్చింది. యాకోబు కోరుకున్నది రూపవతి రాహేలును. యూదా పుట్టింది లేయాకు, మన రక్షకుడు వచ్చింది ఆ వంశంలో.

కాబట్టి దేవుడిచ్చిన ప్రాణుల్లో రంగునూ తీరునూ ఇష్టపడి ఎంచుకోవడమే తప్పని నేను అనను. యాకోబు చేశాడు. తొక్క ఒలిచిన చువ్వలు పని చేశాయని ఇప్పుడు ఎవరూ నమ్మరు గాని, తర్వాతి అధ్యాయంలో అతనే ఒప్పుకుంటాడు, మందల మీదికెక్కిన పొట్టేళ్లు ఎలాంటివో దేవుడే కలలో చూపించాడని. పైకి మచ్చ లేని మేకకు మచ్చల పిల్ల పుట్టడం జన్యుశాస్త్రం తెలిసినవాళ్లకు వింతేమీ కాదు. 1902లో విలియం బేట్సన్ మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని చూపించింది కూడా కోళ్లతోనే, వాటి తల మీది జుట్టు ఆకారాలతో. అయితే ఆ అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది, మేం చదువుతూ దాటేసింది. బలమైనవి యాకోబుకు, బలహీనమైనవి లాబానుకు వెళ్లాయి. బలహీనమైనవి ఏమయ్యాయో ఎవరూ రాయలేదు.

అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1874లో కోళ్ల జాతుల ప్రమాణ పుస్తకం మొదటిసారి వేసింది. ఇప్పటికీ కొత్త ముద్రణలు వస్తున్నాయి, ఇప్పటి పేరు స్టాండర్డ్ ఆఫ్ పర్ఫెక్షన్. పరిపూర్ణత అనే మాట చర్చిలో మనం వేరే అర్థంలో వింటాం. నాకు ఆ పుస్తకం మీద కోపం లేదు. చాబో కాళ్లు ఎంత పొట్టిగా ఉండాలో అందులో ఉంటుంది. దానికి ఎన్ని గుడ్లు ఖర్చవుతాయో రాయాల్సిన పని ఆ పుస్తకానిది కాదు, పెంచేవాడిది.

హారం గురించి ఆలోచించడం మొదలుపెట్టాక నాకు కోళ్లు దాటి వేరేవి గుర్తొస్తున్నాయి. 2020లో రోజూ కోవిడ్ అంకెలు ఎలా చదివేవాళ్లమో గుర్తుందా? డార్మిటరీల్లో ఇన్ని, బయట ఇన్ని. రెండో అంకె తగ్గితే మన వాట్సాప్ గ్రూపుల్లో స్తోత్రాలు. మొదటి అంకెలో మన తెలుగు తమ్ముళ్లు కూడా ఉన్నారు. కరీంనగర్, శ్రీకాకుళం నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్లు, ఒక గదిలో పదీ పన్నెండు మంది. నేనూ స్తోత్రం పెట్టినవాళ్లలో ఉన్నాను. ఎవరో అబద్ధం చెప్పలేదు, అంకెలు రెండూ అక్కడే ఉన్నాయి. మనం ఏ అంకె చూసి ఊపిరి పీల్చుకున్నామన్నదే.

మత్తయి సువార్తలో పిచ్చుకల ధర ఒక కాసుకు రెండు. లూకాలో రెండు కాసులకు ఐదు. అంటే ఐదోది కొసరు, ధర కూడా లేనిది. కానీ వాటిలో ఒక్కటి కూడా దేవుడి ముందు మరువబడదని ప్రభువు చెప్పింది సరిగ్గా అక్కడే, ఆ కొసరు పిచ్చుక ఉన్న లెక్కలో. ఈ మాట ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాను. టార్చి వెలుగులో ఆ ఎర్ర ఉంగరం చూశాకనే అది నా పని మీద, నా ఎక్సెల్ మీద చెప్పిన మాటలా వినిపించింది.

ఇక ఆంటీ బిర్యానీ ప్రశ్న. నేను తప్పించుకోను. మనం తినే బ్రాయిలర్ కూడా ఎంపికతో తయారైనదే. రొమ్ము మాంసం త్వరగా పెరగాలని తరాల తరబడి ఎంచుకుంటూ పోతే, కొన్ని కోళ్లకు తమ బరువు తమ కాళ్లే మోయలేని స్థితి వచ్చింది. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా పట్టించుకుంటాడని సామెతల గ్రంథం 12వ అధ్యాయం చెబుతుంటే, మన పశువు కాదు, ఫెయిర్‌ప్రైస్‌లో ప్యాకెట్ అని తప్పించుకోవచ్చా? తినడం తప్పని నేను అనుకోవడం లేదు. ఒక్క తేడా మాత్రం చెప్పగలను. మా ఊళ్లో ఇంటి కోడిని కోసినప్పుడు నాయనమ్మకు ఏ కోడో తెలుసు. తెలిసే కోసేవారు, తెలిసే కృతజ్ఞత చెప్పేవారు. చావు పళ్లెంలో కనిపిస్తూ ఉంటే ప్రార్థనకు ఏదో ఒక అర్థం ఉంటుంది. ఇది ఆంటీకి సరిపోయే జవాబు కాదని తెలుసు. నాకూ పూర్తిగా సరిపోలేదు.

స్ప్రెడ్‌షీట్ మార్చాను. ఇప్పుడు మొదటి గడి పిల్లలు కాదు, ఇంక్యుబేటర్‌లో పెట్టిన గుడ్లు. ఏడో రోజు ఆగినవి ఎన్నో రాయడానికి ఒక గడి ఉంది. మిత్రుడు దాన్ని నింపుతున్నారు, కొంచెం గొణుగుతూ. ఈసారి మూడు గూళ్లలో పొట్టివాటికి పొడుగువి కట్టారు. నాలుగో గూట్లో మాత్రం పాత పద్ధతే, ఆ పుంజు మీద ఆయనకు మమకారం. పొడుగుకాళ్ల పుంజులు ఇప్పటికి ఐదు పోగయ్యాయి. రెండింటిని క్లాంతన్‌లో వాళ్ల అన్నయ్య తీసుకెళ్లారు. మిగతా మూడూ పొద్దున్నే కూస్తున్నాయట. పక్కింటాయనకు గుడ్లు ఇచ్చి సర్దిచెబుతున్నారు. ఎంతకాలం సర్దుకుంటారో తెలియదు.

మొన్న రాత్రి ఒక ఫోటో పంపారు. పొడుగుకాళ్ల పెట్ట ఒకటి పిల్లలను రెక్కల కింద కప్పుకుని కూర్చుంది. ఈకల కింద నుంచి నాలుగైదు తలలు కనిపిస్తున్నాయి, కాళ్లు మాత్రం కనిపించడం లేదు. మా పాప ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోయి రెండుసార్లు తప్పింది.

ఈ శుక్రవారం కేర్ గ్రూపు మా ఇంట్లో. ఆ ఆంటీ కూడా వస్తున్నారు. ఏం వండాలని మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు అడిగింది.